అక్తర్ బేగం గారి ఉత్త సీసా

“నవంబరు ఇరవై మూడు, ఆదివారం. తెల్లారినప్పటి నుంచీ మబ్బు. తూర్పుగాలి. జల్లు పడలేదు. పొద్దున ఆరున్నరకి రిగ్గు బండి కంప్రెసర్ ఫిల్టరు విప్పి, దుమ్ము దులిపి, మళ్ళీ బిగించాను.”

ఇది ఇవాళ పొద్దున నా నోటుపుస్తకంలో రాసుకున్నది. మన్నించండి. నలుగురి ముందు నిలబడి మాట్లాడటం నాకు ఇదే మొదలు. ఏ మాట ముందు అనాలో తెలియక, రోజూ పేజీ ఎలా మొదలుపెడతానో అలాగే మొదలుపెట్టాను.

అధ్యక్షులు ప్రిన్సిపాల్ మల్లికార్జునరావు గారికి, మేడం గారి దగ్గర చదువుకున్న పిల్లలకి, పత్తితీత మానుకొని వచ్చిన రైతులకి, ముందు వరసలో కూర్చున్న మేడం గారి అమ్మాయి ఆస్మాకి నమస్కారం. మొన్న పదకొండో తారీకు, మంగళవారం, అక్తర్ బేగం మేడం గారు మనల్ని విడిచి వెళ్ళారు. యాభై నాలుగేళ్ళు. పోయే వయసు కాదు. ఆ మాట ఇక్కడ అందరికీ తెలుసు.

నా పేరు చిన్నకోటయ్య. మాది నూజెండ్ల. బోర్లు వేస్తాను. అయిదో తరగతితో బడి ఆగిపోయింది. రాళ్ళ గురించి తెలిసింది మా నాన్న సుత్తి దగ్గర, అక్షరాల గురించి తెలిసింది పొట్లాలు కట్టిన పేపర్ల దగ్గర. ఇరవై రెండేళ్ళ వయసు నుంచీ రోజుకి ఒక పేజీ రాస్తాను. ఏ ఊరు, ఎండా వానా, ఎన్ని అడుగులు దిగాం, ఏ రాయి తగిలింది, నీరు పడిందా లేదా. అంతే. మనసులో మాటలు అందులో ఉండవు.

నాకంటే ముందు పెద్దలు ముగ్గురు మాట్లాడారు. మేడం గారి చదువు గురించి చెప్పారు, ఓపిక గురించి చెప్పారు. ముగ్గురూ ఒక చోటుకి వచ్చేసరికి గొంతు తగ్గించారు. “రెండువేల పదిహేడులో జరిగిన ఆ చిన్న పొరపాటు” అన్నారు. పెద్దమనుషులు కాబట్టి మెల్లగా దాటి వెళ్ళారు.

అయ్యా, నేను దాటలేను. నేను అక్కడే ఆగాలి. ఆగడానికే వచ్చాను.

ముందు ఆమె నాకు ఎలా తెలుసో చెబుతాను.

రెండువేల పద్నాలుగు, జూన్ నెల. ముప్పాళ్ళ దగ్గర ఒక మిరప రైతు చేలో బోరు వేస్తున్నాం. మూడొందల అడుగులు దిగాం, దుమ్మే తప్ప తడి లేదు. ఆటోలోంచి ఒక ఆవిడ దిగింది. బుజాన టీకాల మందులు పెట్టేలాంటి పెట్టె. బోరు దగ్గరికి ఎవరు వచ్చినా అడిగేది ఒకటే, ఎన్ని అంగుళాల నీళ్ళు పడ్డాయి అని. ఆవిడ అది అడగలేదు. “ఎన్నో అడుగు దగ్గర రాయి రంగు మారిందండీ?” అని అడిగింది.

ఇరవయ్యేళ్ళలో నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి. నేను పుస్తకం తీసి చేతిలో పెట్టాను. ఆవిడ బండరాయి మీద కూర్చుని అరగంట చదివింది. మా రిగ్గు డ్రైవరు ఊరుకోలేక, “ఏంది మేడం, మా కోటయ్య బాబాయి పుస్తకంలో అంత కథ ఏముంది?” అన్నాడు. “కథా? మూడొందల అడుగుల దాకా అందరూ రాళ్ళే. మనుషులు ఇంకా రాలేదు” అందావిడ.

ఆ సాయంత్రం సత్తెనపల్లి రోడ్డు మీద సోడా బండి దగ్గర ఆగాం. బండి కింద గోనెసంచీలో, ఊకలో ఐసుగడ్డ ఉంటుంది కదా. ఆవిడ వంగి, ఊక తుడిచి, ఆ గడ్డ మీద చెయ్యి పెట్టింది. “కోటయ్య గారూ, ఇది ఇరవై కిలోమీటర్ల మందం ఉందనుకోండి. దీని కింద, మన భూమ్మీద సముద్రాలన్నీ కలిపినా అంత ఉండవు, అన్ని నీళ్ళు ఉన్నాయనుకోండి. బృహస్పతి చుట్టూ తిరిగే చందమామ ఒకటి అలాంటిదే. దాని పేరు యూరోపా. ఆ నీళ్ళలో ఏదైనా బతుకుతోందా? నా జీవితమంతా ఈ ఒక్క ప్రశ్నే” అంది.

నాకు వచ్చిన అనుమానం నేను అడిగాను. “అంత మందం దిగాలంటే ఎంత రిగ్గు కావాలి మేడం?” అన్నాను. సోడా కొట్టేవాడు అందుకున్నాడు. “రిగ్గు సంగతి తర్వాత అన్నా, ముందు అక్కడికి లారీ ఎక్కే రోడ్డు ఏసినారో లేదో కనుక్కో” అన్నాడు. మేడం గారు కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వారు. ఆవిడ అంతగా నవ్వడం తర్వాత పదకొండేళ్ళలో నేను మళ్ళీ రెండు మూడుసార్లే చూశాను.

ఆ చందమామకీ పల్నాడు బోర్లకీ ఏమిటి సంబంధం? మీలో చాలామందికి తెలుసు, తెలియని రైతుల కోసం చెబుతాను. చెట్టుకి ఎండ కావాలి. చెట్టు తినే గొడ్డుకి చెట్టు కావాలి. మనకి రెండూ కావాలి. కానీ ఎనిమిది వందల అడుగుల లోతున, రాతి పగుళ్ళలో, ఎండ మొహం ఎన్నడూ చూడకుండా, రాతిలోని ఉప్పునీ గాలినీ తిని బతికే కంటికి కనపడని జీవులు ఉంటాయట. అలాంటివి మన కాళ్ళ కింద దొరికితే, మంచు కింద వెతకడానికి ధైర్యం వస్తుంది. ధైర్యం కంటే ముందు, ఎలా వెతకాలో చేతికి అలవాటవుతుంది. అదీ ఆవిడ పని.

ఆ రోజు నుంచి నేను నీరు పడిన బోరు గురించి ఫోన్ చేసేవాణ్ణి, ఆవిడ సీసాలు తెచ్చేవారు. ప్రతిసారీ అయిదు సీసాలు. నాలుగింటిలో బోరు నీళ్ళు. అయిదోదానిలో ఏమీ పట్టకూడదు. అందులో ల్యాబులో కాచి, ప్రాణమన్నది లేకుండా చేసిన నీళ్ళు ముందే ఉంటాయి. బోరు పక్కన నేను దాని మూత తీయాలి. రెండు నిమిషాలు అలా ఉంచాలి. ఆవిడ మూత పెట్టాలి. నేను దానికి ఉత్త సీసా అని పేరు పెట్టాను. ఆవిడ కూడా అదే పేరు వాడారు.

ఇంత దూరం ఉత్త సీసా మోసుకు రావడం ఎందుకు మేడం అని అడిగాను. ఆవిడ అన్న మాట నా పుస్తకం అట్ట మీద రాసుకున్నాను. “మనం ఏం తెచ్చామో తెలియకపోతే, అక్కడ ఏముందో ఎప్పటికీ తెలియదు.”

ఇక రెండువేల పదహారు, మార్చి.

నూజెండ్లకి మూడు మైళ్ళ దూరంలో ఎల్లమ్మత్త చేను. అప్పటికి ఆవిడ నాలుగు బోర్లు వేయించింది. నాలుగూ ఎండిపోయాయి. అయిదోది ఎనిమిది వందల నలభై అడుగుల దగ్గర తగిలింది. తెల్లటి బురద నీళ్ళు తాటిచెట్టంత ఎత్తు చిమ్మాయి. ఎల్లమ్మత్త ఆ బురదలో నిలువునా తడిసిపోయి, “వచ్చిందిరా! నా తల్లి వచ్చిందిరా!” అని అరుస్తా ఉంది. మేడం గారు అక్కడే ఉన్నారు. ఆవిడ కూడా తడిసిపోయారు.

అప్పుడు మేడం గారు నాకు ఒక పని చెప్పారు. కంప్రెసర్ గాలికి నీళ్ళు కలగుండు పడ్డాయి, రెండు రోజులు తేరనివ్వాలి, ఆ రెండు రోజులూ బోరులో చుక్క కూడా పడకూడదు, మూడో రోజు నీళ్ళు తీసుకుంటాను అన్నారు. నేనే మూత బిగించాను. పైన గోనెపట్టా కట్టాను. ముడి నేనే వేశాను.

రెండో రోజు పొద్దున చూసి వద్దామని వెళ్ళాను. ఎల్లమ్మత్త అక్కడే నిలబడి ఉంది. చేతిలో ఇత్తడి చెంబు. చెంబు నిండా అప్పుడే పితికిన పాలు, చిటికెడు పసుపు. నన్ను చూడగానే మొదలుపెట్టింది. “ఏందిరా కోటయ్యా, తల్లికి నోరు కట్టేసినావు? నాలుగు చోట్ల మొహం చాటేసి అయిదో చోట అడుగుపెట్టిందిరా. ఒక్క గుక్క పాలు పొయ్యకుండా మూత పెడతావంట్రా? చానా తెలివిమీరినావు.”

అమ్మా, అయ్యా, ఇక్కడ బోరు వేయించిన రైతులు ఉన్నారు. నీరు పడితే గంగమ్మకి పాలు పోయని వాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఇరవయ్యేళ్ళలో నీరు పడిన ప్రతి బోరులోనూ నా చేత్తో పాలు పోశాను. నా చెయ్యి నన్ను అడగలేదు. ముడి విప్పాను. మూత తీశాను. చెంబు అందుకొని పోశాను. ఇద్దరం దండం పెట్టుకున్నాం. మూత పెట్టాను. ముడి వేశాను. రెండు నిమిషాలు కూడా పట్టలేదు.

ఆ రోజు పేజీ చదువుతాను. “మార్చి పద్దెనిమిది, శుక్రవారం. ఎండ ఎక్కువ. ఎల్లమ్మ బోరు చూశాను. మూత వేసి ఉంది. పని లేదు.”

వినండి, ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఎండ ఎక్కువే. మూత వేసే ఉంది. పని లేదు. పాలు పోయడం పని కాదు కదా. దండం పెట్టుకోవడం ఎవరైనా పనిలో రాస్తారా? చెప్పులు విప్పడం రాస్తారా? నేను రాయలేదు. దాచాలని కాదు. రాయాలని తోచలేదు.

మూడో రోజు మేడం గారు వచ్చి సీసాలు పట్టారు. ఉత్త సీసా మూత నేను తీశాను, ఆవిడ పెట్టారు. కొన్ని నెలలకి తేలింది. ఉత్త సీసాలో ఏమీ లేదు. బోరు సీసాల్లో ఉంది. బతికి ఉంది. పెరుగుతోంది.

ఆ తర్వాతి సంవత్సరం మొదట్లో ఆవిడ వ్యాసం అచ్చయింది. మన జిల్లా పేపర్లో ఫోటో వేశారు. బెంగళూరు నుంచి ఉత్తరం వచ్చింది. మంచు చందమామల మీద నీళ్ళ నమూనా ఎలా తీయాలి, ఏ సాధనం కావాలి అని ఆలోచించే బృందం ఒకటి ఉందట, అందులోకి రమ్మని పిలుపు. ఆవిడ ఆ ఉత్తరం ముందు ప్రిన్సిపాల్ గారికి చూపించి, వెంటనే బస్సెక్కి నూజెండ్ల వచ్చి నాకు చూపించారు. “మన బోరు కోటయ్య గారూ” అన్నారు. నా బోరు అనలేదు.

జూలైలో ఇంకో ఉత్తరం వచ్చింది. వేరే ల్యాబు వాళ్ళు ఆ జీవుల్ని పరీక్ష చేశారు. పాలను పెరుగు చేసే జాతికి ఇవి దగ్గరి చుట్టాల్లా ఉన్నాయి, ఎలా వచ్చాయి అని అడిగారు.

మేడం గారు నా దగ్గరికి వచ్చారు. రిగ్గు పక్కన నిలబడి అడిగారు. “ఆ రెండు రోజుల్లో ఎవరైనా మూత తీశారా?”

ఆవిడ అడిగిన క్షణంలోనే ఇత్తడి చెంబు నా కళ్ళ ముందు మెరిసింది. మరిచిపోయానని ఇవాళ చెబితే మీరు నమ్ముతారు. నమ్మొద్దు. నాకు గుర్తొచ్చింది. గుర్తొచ్చాకే “లేదు మేడం” అన్నాను.

ఎందుకన్నాను? ఎనిమిదేళ్ళుగా నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఆవిడ కళ్ళలో నేను నమ్మకమైన మనిషిని. అలాంటి పేరు నాకు అంతకు ముందు ఎవరూ ఇవ్వలేదు. అది పోతుందని భయపడ్డాను. ఇంతకంటే మంచి జవాబు నా దగ్గర లేదు.

ఆవిడ పుస్తకం అడిగారు. ఆ పేజీ చదివారు. “మూత వేసి ఉంది” అన్న చోట వేలు పెట్టి, “ఇది చాలు” అన్నారు. ఆ ల్యాబు వాళ్ళకి జవాబు రాశారు. చేలో రాసిన రోజువారీ పుస్తకం ఉంది, మూత తీయలేదు, నేను నా ఫలితానికి కట్టుబడి ఉన్నాను అని. నా ఒక్క లైను మీద నిలబడి ఆవిడ పెద్ద పెద్ద వాళ్ళతో రెండు నెలలు వాదించారు.

సెప్టెంబరు పదిహేను, శుక్రవారం. ఆ సాయంత్రం ఈ హాల్లోనే ఆవిడ పిల్లలందర్నీ కూర్చోబెట్టారు. నన్నూ రమ్మన్నారు. ఆఖరి వరసలో కూర్చున్నాను. శని గ్రహం చుట్టూ పదమూడేళ్ళు తిరిగిన కసీని అనే నౌకకి అది చివరి రోజు.

శనికి ఒక చిన్న చందమామ ఉంది. ఎన్సెలాడస్. దాని మంచుపెంకులో పగుళ్ళు ఉన్నాయి. ఆ పగుళ్ళలోంచి లోపలి నీళ్ళు ఆకాశంలోకి చిమ్ముతున్నాయి. తెర మీద బొమ్మ చూపించారు. నేను బోర్లు వేసేవాణ్ణి. బోరు వేయకుండానే తాటిచెట్లని మించి లేచే నీళ్ళు చూసి నా ఒళ్ళు జలదరించింది. ఎల్లమ్మత్త అక్కడ ఉంటే ఎలా అరిచేదో అనుకున్నాను. ఆ నౌక ఆ జల్లుల్లోంచి దూసుకుపోయి రుచి చూసిందట. ఉప్పు ఉందని చెప్పిందట. ఇప్పుడు దాని ఇంధనం అయిపోవస్తోంది. అందుకని దాన్ని శని మీదికి తోసేసి కాల్చేస్తున్నారు.

ఒక అమ్మాయి లేచి అడిగింది. “ఎందుకు మేడం? పాపం, దాని మానాన దాన్ని తిరగనివ్వొచ్చుగా?”

మేడం గారి జవాబు నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. “ఎప్పుడో అదుపు తప్పి ఆ చందమామ మీద పడితే? మన చేతి మురికి దాని మీద ఉంటే? రేపు ఎవరో వెతకడానికి వెళ్ళి, మనల్నే చూసి, జీవం దొరికిందని గంతులేస్తారు. అందుకని, అంత అపురూపమైన దాన్ని చేజేతులా కాల్చేస్తున్నారమ్మా. వెతికే చోటు శుభ్రంగా ఉండాలని.”

అయిదూ ఇరవై అయిదుకి, తెర మీద నౌక సంకేతాన్ని చూపించే గీత పడిపోయింది. పిల్లలు ఏడ్చారు. మేడం గారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. ఆఖరి వరసలో నా కుడిచేతికి చెంబు బరువు తగిలింది. ఖాళీ చెయ్యి. బరువు మాత్రం ఉంది.

కోట్ల మైళ్ళ లెక్కలు నాకు తెలియవు. అంత దూరంలో, ఉందో లేదో తెలియని ప్రాణి కోసం, మనుషులు తమ బంగారంలాంటి నౌకని కాల్చుకున్నారు. మూడు మైళ్ళ దూరంలో ఉన్న బోరు గురించి నేను ఒక్క నిజం చెప్పలేకపోయాను.

మర్నాడు పొద్దున ఆవిడ ఇంటికి వెళ్ళాను. గుమ్మం దగ్గర చేటలో బియ్యం ఏరుకుంటున్నారు. కూర్చోమన్నారు. కూర్చోలేదు. నిలబడే చెప్పాను. చేట ఆగిపోయింది. తిడతారనుకున్నాను. ఆవిడ అడిగిన మొదటి మాట ఏమిటో తెలుసా? “ఎన్ని పాలు?”

చెంబుడు అన్నాను. “కాచినవా, పచ్చివా?” పచ్చివి, పసుపు కలిపారు అన్నాను. లోపలికి వెళ్ళి కాగితం తెచ్చుకొని రాసుకున్నారు. ఆవిడ చేతిరాత ఎప్పుడూ ముత్యాల్లా ఉంటుంది. ఆ రోజు అక్షరాలు వంకర పోయాయి. రాయడం అయ్యాక అన్నారు. “పాలు పోయడం తప్పు కాదు కోటయ్య గారూ. రాయకపోవడం తప్పు.”

నేను ఉండబట్టలేక, “అడిగినప్పుడు లేదన్నానే, అది?” అన్నాను.

“అది మీరు చూసుకోవాలి” అన్నారు. అంతకు మించి ఆ సంగతి జీవితంలో ఎత్తలేదు.

ఆ వారంలోనే ఆవిడ వ్యాసాన్ని వెనక్కి తీసుకున్నారు. వెనక్కి తీసుకుంటున్నానని ఇచ్చిన ప్రకటనలో రెండే వాక్యాలు. నమూనాలో పాల సూక్ష్మజీవులు కలిశాయి. బాధ్యత నాది. అంతే. నా పేరు లేదు. ఎల్లమ్మత్త పేరు లేదు. చెంబు లేదు. నా పేరు రాయమని అడిగాను. ఆవిడ ఒప్పుకోలేదు. “మీ పేరు రాస్తే ఆమె పేరు వస్తుంది. ఆమె పేరు వస్తే లోకం ఆమెను చూసి నవ్వుతుంది. నాలుగు బోర్లు ఎండిన మనిషి గంగమ్మకి పాలు పోసుకుంది, అందులో నవ్వడానికేముంది? నవ్వేదేదో నన్ను చూసి నవ్వనీండి.”

నవ్వారు. ఎలా నవ్వారో మీకు తెలుసు. మేడం ల్యాబులో స్టవ్ మీద టీ కాచుకుంటుందట, ఆ పాలు సీసాల్లో పడ్డాయట. ఎవరు పుట్టించారో తెలియదు. “టీ పాలల్లో చందమామను చూసిన మేడం.” కాలేజీలో మొదలై, బస్టాండు దాకా పాకింది. బెంగళూరు వాళ్ళు మళ్ళీ పిలవలేదు. ఒకరోజు ఆవిడ బల్ల మీద ఎవరో పాల ప్యాకెట్ పెట్టి వెళ్ళారు. ఆవిడ దాన్ని తీసుకెళ్ళి అటెండరు కరుణమ్మ గారి చేతికిచ్చి, “స్టాఫ్ రూములో అందరికీ టీ పెట్టమ్మా, ఎవరో దాత ఇచ్చారు” అన్నారు.

కరుణమ్మ గారు అదిగో, తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. అడగండి. ఆ ల్యాబులో మేడం గారు టీ కాదు, మంచినీళ్ళు కూడా తాగలేదు. దాహమేస్తే వరండాలోకి వచ్చి తాగేవారు.

అయ్యా, ఈ ఊరు ఎనిమిదేళ్ళు ఒక మనిషి మీద మోపిన మాట అది. ఇవాళ అందరూ వినేట్టు చెబుతున్నాను. ల్యాబులో టీ కాచలేదు. పాలు నేను పోశాను. అడిగితే లేదన్నాను. ఆ పొరపాటు ఆమెది కాదు. నాది.

ఎనిమిదేళ్ళు ఎందుకు ఊరుకున్నావని అడుగుతారు. ఆవిడ వద్దన్నారు. ఆ వద్దనడం నాకు హాయిగా కూడా ఉంది. రెండూ నిజమే.

ఇవాళ మాత్రం ఎల్లమ్మత్త పేరు ఎందుకు ఎత్తాను? నిన్న సాయంత్రం ఆమె చేనుకి వెళ్ళాను. మొదటిసారి మొత్తం చెప్పాను. డెబ్భై ఎనిమిదేళ్ళ మనిషి. పత్తి మూట మీద కూర్చుని విన్నది. మేడం వద్దన్నారు, నువ్వు వద్దంటే రేపు నీ పేరు ఎత్తను అన్నాను. అప్పుడు అన్నది కదా, “చెప్పరా. ఆ తల్లి నెత్తిన ఇన్నేళ్ళు నా చెంబు మోసిందంట్రా? పోయినాక కూడా ఎందుకురా మోయాల? దించు.”

దించాను అత్తా. ఇదిగో, దించాను.

ఆ తర్వాత సంగతి కొంచెమే ఉంది. వ్యాసం పోయిన నెలకి మేడం గారు కొత్త కాగితాలు అచ్చు వేయించి తెచ్చారు. సీసాతో పాటు నింపే కాగితం. తేదీ, చోటు, లోతు, మూత తీసినది ఎవరు, పెట్టినది ఎవరు. అన్నీ పాతవే. కింద ఒక కొత్త గడి. పైన పెద్ద అక్షరాలతో “పని కానివి”.

పని కానివన్నీ అందులో రాయాలి. కొన్ని చదువుతాను. “కొబ్బరికాయ కొట్టారు, నీళ్ళు ఎడమవైపు పడ్డాయి.” “రైతు తమ్ముడు తాంబూలం ఊశాడు, ఆరు అడుగుల దూరం.” “మేక వచ్చింది, తోలాం, మళ్ళీ వచ్చింది.” “మేడం తుమ్మారు.” ఈ చివరిది రాసినందుకు నాకు వంద మార్కులు వేశారు. అలా నలభై మూడు బోర్లు చూశాం. ఆవిడ ఎవరినీ పాలు పోయొద్దనలేదు. పొయ్యండి, ఎన్ని పోశారో చెప్పండి అన్నారు. ముందు సీసాలు పట్టుకొని, తర్వాత తనే చెంబు అందించేవారు.

ఆ నలభై మూడింటిలో నలభై ఒకటి మన మురికే. మిగిలిన రెండు బోర్లలో ఉన్నది ఎక్కడి నుంచి వచ్చిందో ఏ గడి చూసినా తేలలేదు. జీవం దొరికిందని చెప్పండి మేడం అన్నాను. ఆవిడ ఆ రెండు కాగితాల మీద “తెలియదు” అని రాసి సంతకం పెట్టారు. ఆ సీసాలు ఈ కాలేజీ ఫ్రిజ్‌లో ఉన్నాయి. మల్లికార్జునరావు గారూ, నేను అడిగేది ఒక్కటే. సెలవుల్లో కూడా ఆ ఫ్రిజ్ ప్లగ్గు తీయకుండా చూడండి. ఆవిడలాంటి వాళ్ళు ఎవరో ఒకరు వస్తారు. వచ్చేదాకా ఉంచండి.

అక్టోబరు ఆఖరులో ఆవిడను చివరిసారి చూశాను. మంచం మీద దిండుకి ఆనుకొని ఉన్నారు. మాట సన్నబడింది. యూరోపా దగ్గరికి ఒక నౌక బయల్దేరి అప్పటికి ఏడాది దాటింది. రెండువేల ముప్పై ఏప్రిల్‌కి చేరుతుంది. “నాలుగున్నర ఏళ్ళు” అన్నారు, వేళ్ళు మడిచి. ఆ నౌక కూడా జీవం ఉందో లేదో చెప్పదట. ఉండటానికి వీలుందా అని చూస్తుందట, అంతే. “ఉందనే వినాలని కాదు కోటయ్య గారూ. లేదని విన్నా చాలు. వినాలని ఉంది” అన్నారు. ఆస్మా ఆవిడ కాళ్ళ మీది దుప్పటి సర్దింది.

రెండువేల ముప్పై ఏప్రిల్ గురించి ఆ దేవుడి పుస్తకంలో ఏముందో నాకు తెలియదు. ఆ రోజు నేను ఉంటే, నా పుస్తకంలో ఆ పేజీ రాసి, తీసుకెళ్ళి ఆవిడ సమాధి దగ్గర చదువుతాను. నేను లేకపోతే ఇక్కడున్న పిల్లలు ఎవరైనా చదవండి. ముందు ఎండా వానా చెప్పండి. ఆవిడకి అది అలవాటు.

నా మాట అయిపోయింది. రెండు నిమిషాలు మౌనం పాటించమని అడిగే బాధ్యత నాకు ఇచ్చారు. ఆ రెండు నిమిషాలు ఆవిడ పద్ధతిలో జరుపుకుందాం. ఆస్మా ల్యాబు నుంచి ఒక సీసా తెచ్చింది. ఆవిడ చేత్తో కాచి, ఆవిడ చేత్తో మూత బిగించిన ఆఖరి ఉత్త సీసా ఇది. ఈ బల్ల మీద పెడుతున్నాను. మూత తీయడం నా వంతు, పెట్టడం ఆవిడ వంతు. తీస్తాను. మనం ఏం తెచ్చామో దీనిలో పడనీండి.

అందరూ లేచి నిలబడండి. ఫ్యాన్లు ఆపండమ్మా. ఎల్లమ్మత్తా, నీ మోకాళ్ళు బాగాలేవు, నువ్వు కూర్చో. లేస్తానంటావా? లే. ఎవరన్నా ఆమెకి చెయ్యి ఇవ్వండి.

కాగితం నింపుతున్నాను. నవంబరు ఇరవై మూడు, ఆదివారం. మబ్బు. నరసరావుపేట, కాలేజీ హాలు. పన్నెండూ పది. పని కానివి: అందరూ నిలబడ్డారు. ఎల్లమ్మత్త కూడా నిలబడింది. ఎవరో ఏడుస్తున్నారు. మూత తీసినది, చిన్నకోటయ్య. మూత పెట్టినది...